చివరి బిగింపు

శబ్దం ఉందని ఆ అబ్బాయి. లేదని మేస్త్రి.

పావుగంట నుంచి షెడ్డు ముందు ఇదే గొడవ. మధ్యలో ఆ పాత కారు, ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు అమాయకంగా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళ బండి. ఒకప్పుడు నీలం రంగేనట. ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే నలుగురు కూర్చుని తేల్చాల్సిందే.

"వెనకాల ఎడమవైపు టక్కుమంటోందండీ. గుంతలోంచి పైకి లేచేటప్పుడు మాత్రమే. దిగేటప్పుడు రాదు."

"నేను తోలి చూశాను బాబూ. టక్కూ లేదు, టిక్కూ లేదు."

"ఉందండీ."

"నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను నేను."

"నేను ఆరేళ్ళుగా శబ్దాలు వినే పనే చేస్తున్నానండీ. ఆసుపత్రిలో చెవుల టెస్టులు నావే."

మేస్త్రి ఇంజను గురించి వాదించేవాళ్ళని చాలామందిని చూశాడు గానీ, చెవుల గురించి వాదించేవాణ్ణి చూడలేదు. అప్పుడే పక్కనున్న వ్యాను కిందనుంచి చక్రాల పలక మీద జారుకుంటూ ఆయన కూతురు బయటికొచ్చింది.

ఆమెను ఇంట్లో అందరూ చిట్టి అంటారు. పుట్టినప్పుడు పెట్టిన ముద్దుపేరు, తర్వాత మనిషి పెరిగినా పేరు పెరగలేదు. లేచి నిలబడితే షెడ్డు గుమ్మానికి తల వంచి రావాల్సినంత పొడుగు. చేతులకి గ్రీజు, చెవి వెనక పెన్సిలు.

"నేనొకసారి తోలి చూడనా నాన్నా?" అంది.

"చూడు. వినబడితే నాకూ చెప్పు," అన్నాడు మేస్త్రి, మీసం కింద నవ్వుతూ.

చిట్టి స్టీరింగు దగ్గర కూర్చుంది. అతను పక్క సీట్లో. వీధి చివర రోడ్డు తవ్వి సగం పూడ్చి వదిలేసిన చోటుంది, సస్పెన్షన్ పరీక్షకి అంతకంటే మంచి చోటు దొరకదు. మొదటి గుంత దాటగానే అతను ఠక్కున చెయ్యెత్తాడు.

"ఏమైంది? ఆపాలా?"

"లేదండీ, వినబడింది. మా దగ్గర శబ్దం వినబడితే చెయ్యెత్తాలి. అలవాటైపోయింది."

చిట్టికి నవ్వొచ్చింది. రెండో గుంత. మళ్ళీ చెయ్యెత్తాడు. ఆమెకేమీ వినబడలేదు. అద్దాలు దించి, హారన్ల గోలలోంచి వెనక చక్రాల వైపే మనసంతా పెట్టి, మూడో గుంతలో మెల్లగా దింపింది. లేచేటప్పుడు వినబడింది. లోపలెక్కడో, మెత్తగా, చెక్క తలుపు గడియ పడ్డట్టు.

తనకి తెలియకుండానే ఎడమచెయ్యి ఎత్తింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. వెనక లారీవాడు హారన్ కొట్టేదాకా బండి అక్కడే ఉంది.

"మీ నాన్నగారికి కుడి చెవి కాస్త తక్కువ వినబడుతుందనుకుంటా," అన్నాడతను తిరిగొస్తూ.

"ఆ మాట ఆయన ముందన్నారో, మీ కారుకి నాలుగు చక్రాలూ మిగలవు."

షెడ్డులో లిఫ్ట్ ఉంది. ఇనుప చేతులతో కారుని మనిషి తలకంటే పైకి ఎత్తే యంత్రం. రెండేళ్ళ క్రితం చిట్టి పట్టుబట్టి పెట్టించింది. అంతకుముందు మేస్త్రి నేలలో తవ్వించిన గొయ్యిలో దిగి, పైన నిలబెట్టిన కారు కింద పనిచేసేవాడు. లిఫ్ట్ వచ్చాక ఆ గొయ్యి మీద పలకలు పరిచేశారు.

కారు పైకి లేచాక చిట్టి టార్చి వేసి చూపించింది. "ఇదిగో దొంగ. దీన్ని బుష్ అంటారు. చక్రాన్ని పట్టుకునే ఈ ఆర్మ్, కారు ఒంటికి అతికే చోట ఉంటుంది. అరిగిపోయింది చూడండి, వేలు దూరుతోంది."

"ఇది రబ్బరా?" అతను మునివేళ్ళ మీద లేచి చూశాడు. "ఇంత ఇనుములో రబ్బరెందుకండీ?"

చిట్టి టార్చి అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. షెడ్డుకొచ్చేవాళ్ళు ఎప్పటికవుతుందనే అడుగుతారు. ఎందుకని అడిగినవాడు ఇతనొక్కడే.

ఇంకేముంది, చెప్పడం మొదలుపెట్టింది. చక్రం పైకీ కిందకీ ఆడుతుంటే ఇనుముకి ఇనుము తగలకుండా మధ్యలో ఈ రబ్బరే మెలితిరుగుతుందనీ, మళ్ళీ తన చోటికి తనే వస్తుందనీ, రోజుకి కొన్ని వేలసార్లు ఆ పని చేస్తూ ఎవరికీ కనబడదనీ చెప్పింది. అతను అడుగుతూనే ఉన్నాడు. గంట గడిచింది. మేస్త్రి రెండుసార్లు దగ్గాడు. మూడోసారి దగ్గేసరికి అతను గడియారం చూసుకుని, "అయ్యో, నా పేషెంట్లు!" అంటూ పరిగెత్తాడు.

మర్నాడు రెండు వైపులా కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జార్బర్లు వేసింది చిట్టి. బోల్టులన్నీ ఎక్కించింది. కానీ చివరి బిగింపు మాత్రం ఆమెది కాదు. ఆ షెడ్డులో అదొక ఆచారం. పని ఎవరు చేసినా సరే, ఆఖర్న మేస్త్రి తన పెట్టెలోంచి పెద్ద స్పానర్ తీసి, ప్రతి బోల్టునీ తన చేత్తో బిగిస్తేనే బండి గుమ్మం దాటేది. ఆ స్పానర్‌ని ఇంకెవరూ ముట్టుకోరు. "నా చెయ్యి పడ్డ బండి అదే జబ్బుతో రెండోసారి రాలేదు," అని ఆయన గర్వం.

రెండు నెలలకి ఈ బండి వచ్చింది.

"మళ్ళీ టక్కుమంటోందండీ," అన్నాడు చెవులబ్బాయి, తనే ఏదో తప్పు చేసినట్టు. అప్పటికి షెడ్డులో అతని పేరదే.

చిట్టి చూసింది. నిజమే. కొత్త రబ్బరు చిరిగింది. దేవుడా, రెండు నెలలకేనా! నకిలీ సరుకేమోనని ఈసారి వేరే దుకాణంలో కొంది. మళ్ళీ వేసింది. మేస్త్రి మళ్ళీ బిగించాడు. బిగించి, స్పానర్ తుడుచుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు.

"చిట్టీ, నలభై ఏళ్ళలో నాకీ తలవంపు లేదు. ఈ కారు ఇంకోసారి వెనక్కొచ్చిందా, నువ్వు కౌంటర్లో కూర్చుని ఫోన్లెత్తు. స్పానర్ జోలికి రావద్దు."

పదహారేళ్ళప్పటినుంచి ఈ షెడ్డే చిట్టి లోకం. తలెత్తితే కన్నీళ్ళు కనబడతాయని ఆమె నట్లు ఏరుకుంటూ కూర్చుంది. బయట కారు తాళం కోసం నిలబడ్డ చెవులబ్బాయికి ఆ మాట స్పష్టంగా వినబడింది. వినబడకుండా ఎలా ఉంటుంది!

ఆ తర్వాత అతను రాలేదు.

అంతకుముందు వారానికోసారైనా ఏదో ఒక ప్రశ్న పట్టుకుని వచ్చేవాడు. బ్రేకు తొక్కితే ముక్కు ఎందుకు వంగుతుంది, వానలో టైరుకి పట్టు ఎందుకు తగ్గుతుంది అంటూ. ఇప్పుడు ఏడు వారాలైనా జాడ లేదు.

"ఏమే, ఆ చెవులబ్బాయి రావడం మానేశాడా?" అని అన్నం దగ్గర అమ్మ ఆరా.

"కారు బాగుంటే ఎందుకొస్తాడమ్మా? బాగుండడమే కదా మనకి కావాల్సింది."

"మరి నీ మొహమెందుకు అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"టైరులో గాలి తీసేసినట్టుంది."

చిట్టి కంచం తీసుకుని లేచిపోయింది. కారు రాకపోతే స్పానర్ దక్కుతుంది. కారు రాకపోతే అతనూ రాడు. ఇదెక్కడి తిరకాసు భగవంతుడా అనుకుంది.

ఒక సాయంత్రం సామాన్ల దుకాణం నుంచి స్కూటర్ మీద వస్తుంటే వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, కక్ష కట్టినట్టు కురుస్తోంది. బస్టాపు రేకుల కింద దూరి, తల తుడుచుకుంటూ పక్కకి చూసింది. చెవులబ్బాయి! కాళ్ళు మడమల దాకా బురద, చేతిలో టిఫిన్ డబ్బా.

"మీరేంటి ఇక్కడ? కారేదీ?"

"ఇంట్లో ఉందండీ."

"బస్సెందుకు ఎక్కుతున్నారు?"

"బస్సులో... గాలి బాగా వస్తుందండీ."

వాన జల్లు అతని మొహం మీద కొడుతూనే ఉంది. చిట్టి అతన్ని తేరిపార చూసింది. అతను వెళ్ళిపోయిన బస్సు కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

"శబ్దం వస్తోంది కదూ?"

అతను మెల్లగా తలూపాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటిందండీ. తెస్తే మీ చేతిలోంచి స్పానర్ తీసేసుకుంటారుగా. నాకేం, బస్సు అలవాటైపోయింది."

చిట్టి గుండె ఒక్కసారి కరిగినంత పనైంది. నెల రోజులుగా ఈ మనిషి తన కోసం బురదలో నడుస్తున్నాడు! ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"అంటే తప్పు నాదేనని మీరు తేల్చేశారన్నమాట."

"అయ్యో, నేనలా అనలేదండీ!"

"అనకుండానే దాచారు. నా తప్పైతే నాకు తెలియాలి. కాకపోతే అందరికీ తెలియాలి. ఇలా కప్పిపెట్టి నన్ను కాపాడమని మిమ్మల్నెవరు అడిగారండీ?"

అతను డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నిజమేనండీ. తప్పు చేశాను," అన్నాడు. ఒక్క వంకా చెప్పలేదు. అలా ఒప్పుకునే మగవాణ్ణి చిట్టి తమ వీధిలో అంతవరకు చూడలేదు.

"రేపు ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి మీ ఇంటికొస్తున్నా. జాకీ నేను తెచ్చుకుంటా."

అన్నట్టే వచ్చింది. అతని ఇంటి ముందు సిమెంటు వాకిట్లో కారు కింద గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా దూరింది. పాత బుష్‌లు కూడా డబ్బాలో వేసుకొచ్చింది. పక్కనే అతను నేలకి చెంప ఆనించి, టార్చి పట్టుకున్నాడు.

"రెండు వైపులా చిరిగింది. ఒకే చోట, ఒకే వాటంగా," అంది చిట్టి. "గుంతల వల్లయితే రెండు వైపులా అచ్చు ఒకేలా చిరగవు. అదీ విచిత్రం."

"డబ్బాలో ఉన్నవి?"

"అవీ అంతే. వేరే దుకాణం, వేరే సరుకు, అదే చిరుగు."

"మా దగ్గర ఇద్దరు మనుషులకి ఒకేలాంటి తేడా కనబడితే, ముందు మిషన్‌ని అనుమానిస్తామండీ. మనుషుల్ని కాదు."

చిట్టి చటుక్కున బయటికొచ్చి, జాకీ పెట్టి వెనక భాగం ఎత్తింది. చక్రాలు నేల వదిలి కిందకి వేలాడాయి. ఊరికే మళ్ళీ తొంగి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

చిరుగు కనబడట్లేదు.

"టార్చి ఇలా పట్టండి. ఇలా, ఇలా!" వేలితో తడిమింది. చిరిగిన అంచులు రెండూ దగ్గరికొచ్చి మూసుకుపోయాయి. రబ్బరు ఏ మెలికా లేకుండా తిన్నగా, హాయిగా ఉంది. జాకీ దించింది. కారు బరువు చక్రాల మీద పడగానే రబ్బరు మెలితిరిగి, చిరుగు నోరు తెరిచింది. ఎత్తింది. మూసుకుంది. దించింది. తెరుచుకుంది.

"అంటే..." అన్నాడతను.

"అంటే దీన్ని బిగించింది చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు. రబ్బరుకి అదే తన చోటనిపిస్తుంది. కిందకి దించాక, కారు ఊరికే నిలబడి ఉన్నా అది మెలితిరిగే ఉంటుంది. మనిషిని మెడ పక్కకి తిప్పి పడుకోబెట్టి, అలాగే బతకమన్నట్టు. ఇంక గుంతలో పడితే చిరగక ఏం చేస్తుంది?"

"మరి నేల మీద నిలబెట్టి బిగించాలా?"

"బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. గొయ్యి ఉన్నన్నాళ్ళూ కారు నేల మీదే ఉండేది, నాన్న ఎలా బిగించినా సరిపోయేది. లిఫ్ట్ వచ్చాక బుష్‌లు మార్చింది ఈ బండికే..."

లిఫ్ట్ పెట్టించింది తను. దాని మీద బిగించింది నాన్న. నలభై ఏళ్ళుగా తప్పు పట్టని చెయ్యి.

"చెప్పకపోతే నా స్పానర్ పోతుంది," అంది మెల్లగా. "చెబితే నాన్న పరువు పోతుంది."

అతను ఏ సలహా ఇవ్వలేదు. "నేను కూడా రానా?" అని మాత్రం అడిగాడు.

సోమవారం పొద్దున్నే ఆ కారు షెడ్డు ముందు ఆగింది. మేస్త్రి కారుని చూశాడు, కూతుర్ని చూశాడు. మొహం గంటు పెట్టుకుని కౌంటర్ వైపు వేలు చూపించాడు.

"కూర్చుంటా నాన్నా. మాట మీద నిలబడతా. కానీ ముందు ఒకటి చూడు. నువ్వు చూసి నా తప్పంటే, ఇంక నోరెత్తను."

లిఫ్ట్ మీద ఎత్తి చిరుగు మూసుకోవడం చూపించింది. తర్వాత గొయ్యి మీద పలకలు తీసి, కారుని దానిమీద నిలబెట్టింది. మేస్త్రి రెండేళ్ళ తర్వాత ఆ మెట్లు దిగాడు. లోపల చాలాసేపు ఉన్నాడు.

"చిట్టీ," అని లోపల్నుంచి పిలుపు. "ఇది బిగించింది ఎవరు?"

"లిఫ్ట్ పెట్టించింది నేనే కదా నాన్నా..."

"అడిగింది అది కాదు. లిఫ్టు బిగించదు. చెయ్యి బిగిస్తుంది." ఆయన మెట్లెక్కి వచ్చి అరచేతులు చూసుకున్నాడు. "నిన్ను అందరి ముందూ అన్నాను కదూ. అందరి ముందే చెబుతున్నా. తప్పు నాది."

"నాన్నా!"

"ఏడవకు. కొత్త బుష్‌లు తీసుకురా. ఈసారి ఎలా చెయ్యాలో నువ్వు చెప్పు, నేను అందిస్తా."

మధ్యాహ్నానికల్లా కొత్తవి ఎక్కాయి. బోల్టులు వేళ్ళతో తిప్పి వదిలేసి, కారుని మళ్ళీ గొయ్యి మీదకి తెచ్చారు. మనిషి కూర్చుంటే ఉండే బరువు కూడా ఉండాలని చిట్టి చెవులబ్బాయిని వెనక సీట్లో కూర్చోమంది.

"నా ఉద్యోగం ఏంటండీ ఇక్కడ?"

"బరువుగా ఉండడం."

"అది నాకు బాగా వచ్చండీ," అంటూ బుద్ధిగా కూర్చున్నాడు.

మేస్త్రి జేబులోంచి తన పెట్టె తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. "పెద్ద స్పానర్ తెచ్చుకో."

చిట్టి నమ్మలేనట్టు చూసింది. ఆయన మొహం తిప్పుకుని, బోల్టుల మట్టి తుడవడానికి గొయ్యిలోకి దిగిపోయాడు. ఆమె స్పానర్ తీసుకుని తిరిగొచ్చేసరికి, కారులోంచి గొంతు వినబడుతోంది. వెనక సీటు కింద నేలరేకుకి ఉన్న రంధ్రానికి మూత ఎప్పుడో ఊడిపోయింది. చెవులబ్బాయి దానిమీదకి వంగి మాట్లాడుతున్నాడు, కింద ఉన్నది చిట్టే అనుకుని.

"మీకొకటి చెప్పాలండీ. మొహం చూస్తూ అయితే చెప్పలేను, అందుకే ఇప్పుడు చెబుతున్నా. రెండోసారి శబ్దం వచ్చినప్పుడు నాకు కోపం రాలేదు. సంతోషమేసింది, మళ్ళీ మిమ్మల్ని చూడొచ్చని. ఇవాళ్టితో శబ్దం పోతుందంటే భయమేస్తోంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

చిట్టి స్పానర్ పట్టుకుని కారు వెనకే ఆగింది. గొయ్యిలోంచి మేస్త్రి గొంతు వచ్చింది.

"కాస్త గట్టిగా చెప్పు బాబూ. కుడి చెవి సరిగ్గా వినబడదు."

కారులో మనిషి కొయ్యబారిపోయాడు. పారిపోతాడేమో అనుకుంది చిట్టి. తలుపు తీసుకుంటే రోడ్డు ఎంతో దూరం లేదు. అతను తలుపు తియ్యలేదు. గొంతు సవరించుకుని, ఇటు వ్యాను తుడుస్తున్న డ్రైవరూ, అటు అన్నం క్యారేజీతో గుమ్మంలోకొచ్చిన అమ్మా, అందరికీ వినబడేలా చెప్పాడు.

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమని చెబుతున్నానండీ!"

"బాగుంది. నాకు చెప్తే ఏం లాభం? అది స్పానర్ పట్టుకుని నీ వెనకాలే నిలబడింది, కాళ్ళు నాకు కనబడుతున్నాయి. దాన్నడుగు."

చెవులబ్బాయి వెనక అద్దంలోంచి చూశాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. చిట్టి గొయ్యిలోకి దిగింది. మేస్త్రి పక్కకి జరిగాడు. ఆమె ఎడమ బోల్టుకి స్పానర్ పెట్టి, భుజం బలమంతా వేసి బిగించింది. కుడి బోల్టు కూడా. బిగించి, అలవాటు ప్రకారం తండ్రి వచ్చి సరిచూస్తాడని పక్కకి జరిగి స్పానర్ అందించింది.

ఆయన అందుకోలేదు.

"నేను చూడక్కర్లేదు," అన్నాడు. కూతురి నుదుటి మీద గ్రీజు మరక తన గుడ్డతో తుడిచి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చిట్టికి ఇక ఆగలేదు, కళ్ళనిండా నీళ్ళు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, పైనున్న రంధ్రం వైపు తలెత్తింది.

"వినబడుతోందా?"

"వినబడుతోందండీ."

"నాకూ ఇష్టమే. ఇంక దిగండి."

సాయంత్రం ముగ్గురూ కారులో తవ్విన రోడ్డు మీదకి వెళ్ళారు. చిట్టి తోలింది. మేస్త్రి వెనక సీట్లో ఎడమ చెవి అద్దం వైపు పెట్టి కూర్చున్నాడు. ఒక గుంత, రెండు, మూడు. కారు మెత్తగా దిగి, మెత్తగా లేచింది. ఎవరూ చెయ్యెత్తలేదు.

"శబ్దం పోయింది బాబూ," అన్నాడు మేస్త్రి. "ఇంక మా షెడ్డుకి ఏం వంక పెట్టుకుని వస్తావు?"

చిట్టి గేరు మారుస్తూ, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"వంకెందుకు నాన్నా? రేపు ఆరింటికి రమ్మని నేనే చెప్పా."

"ఆరింటికా? ఆరింటికి షెడ్డు మూసేస్తాం కదే?"

"అవును నాన్నా. అందుకే ఆరింటికి రమ్మన్నా."